ఆండ్రాయిడ్ స్టూడియోలో కంపైలరు దోషముల పరిష్కారము
గూగుల్ సంస్థ 2013లో ప్రకటించి, 2014 డిసెంబరులో తొలి స్థిరరూపమున విడుదల చేసిన ఆండ్రాయిడ్ స్టూడియోయందు, జావా, కోట్లిన్ భాషలలో వ్రాయబడిన కోడును గ్రేడిల్ అను నిర్మాణవ్యవస్థ కంపైలరునకు అప్పగించునపుడు తలయెత్తు దోషములను, తెరపై కనబడిన వరుసలో గాక, కార్యకారణక్రమమున పరిశీలించుట ఉచితము. ఉదాహరణకు, తెరరూపము మొదలగు వనరులను వర్ణించు ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఒక్క గుర్తు లోపించినను, ఆ వనరులను కోడునకు అందించు ‘ఆర్’ క్లాసు జనింపక, దానిని పేర్కొన్న ప్రతిపంక్తియు, తాను నిర్దోషమయ్యు, తప్పుగా గోచరించును. అట్టియెడ ఆ పంక్తులను దిద్దబూనుట వ్యర్థశ్రమయే గాక క్రొత్త దోషములకు హేతువు గూడ నగును గనుక, బిల్డ్ విండోలో ఎక్స్‌ఎంఎల్ ఫైలును చూపు సందేశమునే ముందుగా వెదకవలెను. వెర్షన్ల పొందికయు ముఖ్యము: ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నడచుటకు జావా అభివృద్ధి సాధనముల కట్టయగు జేడీకే 17 ఆవశ్యకము. పలువురు తొలుత ఆశ్రయించు క్లీన్ ఆజ్ఞ పూర్వనిర్మాణ శేషములను తొలగించునే కాని, కోడులోని తప్పును దిద్దజాలదు.