ప్లాస్టిక్ గడ్డి కింద ఏముంది?

దోహా ఇండస్ట్రియల్ ఏరియా పక్కనున్న ఏషియన్ టౌన్‌కి సెలవు రోజు సాయంత్రం వెళ్తే తెలుగు చెవిన పడకుండా తిరిగి రావడం కష్టం. 2013లో తయారైన క్రికెట్ స్టేడియం, మాల్స్, సినిమా హాళ్లు, ఆ పక్కనే వేలాది కార్మికులు ఉండే లేబర్ సిటీ. మన వాళ్లు ఇద్దరు కలిస్తే మాటల్లో సగం ఊళ్లో కడుతున్న ఇంటి గురించే. స్లాబ్ వేశారా, బోరులో నీళ్లు పడ్డాయా, కాంపౌండ్ గోడకి ఎంతయింది. ఈ మధ్య ఆ లెక్కల్లోకి ఆర్టిఫిషియల్ గ్రాస్ కూడా వచ్చి చేరింది. వానాకాలం బురదయ్యే వాకిట్లో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తే పీడా పోతుందని ఆశ.

మరి ఆ గడ్డి నీళ్ల సమస్య తీర్చడానికి పుట్టిందా? లేదు. అమెరికాలో నగరాల్లో పెరిగే పిల్లలకి ఆడుకునే చోటు లేక పల్లె పిల్లలకన్నా బలహీనంగా ఉంటున్నారన్న దిగులులోంచి పుట్టింది. 1964లో ప్రావిడెన్స్‌లోని మోజెస్ బ్రౌన్ స్కూల్లో పరిచారు. పేరు మాత్రం హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ వల్ల వచ్చింది. 1965లో తెరిచిన ఆ స్టేడియానికి పైకప్పు ఉంది. పైనున్న అద్దాల మెరుపుకి బంతి కనబడటం లేదని ఆటగాళ్లు మొత్తుకుంటే అద్దాలకి రంగేశారు, ఎండ తగలక కింద అసలు గడ్డి చచ్చిపోయింది. 1966లో మోన్‌శాంటో కంపెనీ వాళ్ల నైలాన్ తివాచీ తెచ్చి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అక్కడిదే. అంటే ఈ సరుకుకి పేరొచ్చింది వాన చుక్క పడని చోట!

ఆరుబయటికి వచ్చాక తెలిసింది అసలు సంగతి. తారు మీద అంటించిన తివాచీ మీద నీళ్లు నిలిచిపోయేవి. మైదానం నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా కట్టడం, గడ్డి అడుగున రంధ్రాలు పెట్టడం, దాని కింద కంకర పొరలు వేయడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకున్నవే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు, మనం ఏడో స్థానంలోకి పోయాం. (ఆ బాధ వేరే కథ.) తర్వాతి కాలపు హాకీ టర్ఫ్ మీద మ్యాచ్‌కి ముందు కావాలనే నీళ్లు కొడతారు. కింద నుంచి పోయే దారి ఉంది కాబట్టే ఆ ధైర్యం. మా ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే గడ్డి ఫ్రంట్ ఎండ్ మాత్రమే.

ఇక నేల సంగతి. నల్లరేగడి రేణువులు అతి సన్నం. వాటిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. తొలి వానకి బీటల్లోకి గబగబా దిగిన నీళ్లు, అవి పూడుకున్నాక పైనే నిలబడిపోతాయి. దాని మీద నేరుగా గడ్డి పరిస్తే బురద కనబడదు, అంతే. కొన్నాళ్లకి వాసన వస్తుంది.

బంకమట్టిలోంచి నీళ్లు తీసే విద్య రైతులది. స్కాట్లాండ్ నుంచి వలసవెళ్లిన జాన్ జాన్‌స్టన్ 1838లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా దగ్గర తన బరువైన బంకనేలలో కాల్చిన మట్టి గొట్టాలు పాతాడు. కుండలు పాతిపెడుతున్నాడని ఇరుగుపొరుగు నవ్వారట. గోధుమ పంట పెరిగాక నవ్వు ఆగింది. బంకమట్టి రోగానికి కాల్చిన బంకమట్టే మందు కావడం నాకు భలే నచ్చింది. 1859లో హెన్రీ ఫ్రెంచ్ అనే న్యాయమూర్తి పొలాల్లో నీటిపారుదల కాదు, నీరు తీసేయడం గురించి పుస్తకం రాశాడు. ఇవాళ ‘ఫ్రెంచ్ డ్రెయిన్’ అంటున్న రాళ్ల కాలువకి ఫ్రాన్సుతో సంబంధం లేదు, ఆయన ఇంటిపేరే అది. వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహాన్ని రూపొందించిన శిల్పి ఆయన కొడుకే.

మన వాళ్లకి ఇది తెలియనిదేం కాదు. మండువా లోగిలి చూడండి. నాలుగు చూర్ల నీళ్లు ఇంటి నడిబొడ్డున పడతాయి, అయినా ఇల్లు మునగదు. పల్లంలో రాళ్ల పరుపు, ఒక మూల తూము. అరుగు ఎత్తులో, వాకిలి మొరం పోసి వీధివైపు వాలులో. చెరువుకి తూము, అలుగు పెట్టినట్టే ఇంటికీ పెట్టారు.

తమాషా ఏమిటంటే ఎడారి దోహాకీ ఇదే తంటా. ఖతర్‌లో చాలా ఊళ్ల, వీధుల పేర్ల ముందు ‘రౌదత్’ అని ఉంటుంది. వాన నీళ్లతోపాటు సన్నటి మట్టి చేరి పచ్చబడే పల్లపు నేలలవి. సాగుకి పనికొచ్చే మట్టి అక్కడ ఎక్కువగా వాటిలోనే. దోహా కింద సున్నపురాయి, దాని కింద నీళ్లు దిగనివ్వని మిద్రా షేల్ అనే బంకరాయి పొర. పైన తోటలకి పెట్టిన నీళ్లు, గొట్టాల్లోంచి కారిన నీళ్లు దాని మీద చేరి నగరంలో భూగర్భజలం పైపైకి వచ్చింది. 2018 అక్టోబరు 20న దాదాపు ఏడాది వాన ఒక్కరోజులో పడి రోడ్లు, సొరంగ మార్గాలు మునిగాయి.

కాబట్టి ఊళ్లో వాకిలికి గడ్డి కావాలంటే కొటేషన్‌లో గడ్డి ధర ఆఖరున చూడండి. ముందు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల రేగడి తీసేయాలి. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, లేకపోతే మెత్తబడిన రేగడి కంకర సందుల్లోకి ఎక్కి రెండు వానాకాలాల్లో పూడ్చేస్తుంది. దాని మీద కంకర, పైన సన్న చిప్స్. క్రషర్ డస్ట్ ఎక్కువైతే గట్టిపడి నీళ్లు దిగనివ్వదు. వంద అడుగులకి ఒకటి రెండు అడుగుల వాలు, అదీ పునాదికి ఎదురు దిశలో. అంచున రంధ్రాల గొట్టం. ఇంకుడు గుంత తవ్వుతామంటే ఒప్పుకోకండి. రేగడిలో తవ్విన గుంత నిండిన తొట్టిలా కూర్చుంటుంది, గోడ పక్కనైతే పునాది కింద మట్టిని ఉబ్బిస్తుంది కూడా. ఇంత చేసినా మే నెల మధ్యాహ్నం ఆ గడ్డి మీద వట్టికాళ్లతో నిలబడలేరు, అది వేరే విషయం.

ఆ గొట్టం చివర ఎక్కడ తేలుతుందన్నదే పెద్ద చిక్కు. చాలా ఇళ్లలో గల్ఫ్ డబ్బుతో కట్టిన కొత్త కాంపౌండ్ గోడే పాత తూముని మూసేసి ఉంటుంది. లేదా అది పక్కింటి వాళ్ల గోడలోకి పోతుంటుంది, తగువు అక్కడ మొదలవుతుంది. ఈసారి ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు గడ్డి రంగు ఎంచుకునే ముందు అమ్మనో నాన్ననో అడగండి, పాత ఇంట్లో వాన నీళ్లు ఏ మూల నుంచి బయటికి పోయేవని. కెమెరా అటు తిప్పమనండి.