14 క్యారెట్ల గాజులు

ఇక్కడ అమెరికాలో ఏ మాల్‌కెళ్ళినా నగల కొట్లో అద్దాల వెనక ఎక్కువగా మెరిసేది 14 క్యారెట్ల బంగారమే. ఉంగరం లోపలివైపు 585 అని ముద్ర ఉంటుంది. అంటే వెయ్యి పాళ్ళలో 585 పాళ్ళు మేలిమి అన్నమాట. మనవాళ్ళు దాన్ని బంగారంగా ఒప్పుకోరు. మా ఆవిడైతే "ఇత్తడి" అని ఒక్కమాటలో తేల్చేస్తుంది. నేనూ నవ్వేవాణ్ణే, మా అమ్మమ్మ గాజుల సంగతి గుర్తొచ్చేదాకా.

అమ్మమ్మ పెళ్ళి 1964లో జరిగింది. పుట్టింటివాళ్ళు నాలుగు కాసులు పెట్టి నాలుగు గాజులు చేయించారు. నేను ఎమ్మెస్‌కి బయల్దేరేటప్పుడు డబ్బు చాలక, ఆవిడ వాటిని తీసిస్తే అమ్మ బ్యాంకులో తాకట్టుకి పట్టుకెళ్ళింది. అక్కడ బంగారం చూసే ఆయన గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, "అమ్మా, ఇది పద్నాలుగు క్యారెట్లేనండీ" అన్నాడు. నాలుగు కాసులంటే 32 గ్రాములు. 22 క్యారెట్లయితే అందులో 29.3 గ్రాముల మేలిమి ఉండాలి. 14 అయితే 18.7 గ్రాములే. అమ్మమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "కంసాలి నా నోట్లో మట్టి కొట్టాడు" అంటూనే ఉంది. పోయేదాకా అదే మాట.

ఈమధ్య పాత చట్టాల గురించి చదువుతుంటే అసలు సంగతి కనబడింది. 1962లో చైనాతో యుద్ధం, విదేశీ మారకద్రవ్యానికి కటకట. దానికితోడు దొంగచాటుగా దిగే బంగారం. మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, 1963 జనవరిలో బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. కొత్తగా చేసే నగ ఏదైనా 14 క్యారెట్లు మించకూడదు! మించి చేస్తే నేరం. పెళ్ళికూతుళ్ళ సంగతి అలా ఉంచండి, పనిలేక కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆత్మహత్యలు కూడా జరిగాయి. 1966లో ఆ పరిమితి ఎత్తేశారు. అమ్మమ్మ పెళ్ళి సరిగ్గా ఆ మూడేళ్ళ మధ్యలో పడింది.

అంటే ఆ కంసాలి చట్టప్రకారమే చేశాడు. చాటుగా 22లో చేసినవాళ్ళూ ఉన్నారట, అది వేరే విషయం. ముత్తాతకి ఈ సంగతి తెలియకుండా ఉండదు. వీధరుగు మీద బేరం కుదిర్చి, డబ్బిచ్చింది ఆయనే. ఆ గాజులు వేసుకోబోయే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు ఎక్కువ బాధనిపించేది ఇక్కడే. పుట్టింటి పొలంలో అమ్మమ్మకి సెంటు రాలేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకి వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. ఆవిడకి తనదంటూ ఉన్నది ఒంటిమీది స్త్రీధనమే. దాని నాణ్యం కూడా నలభయ్యేళ్ళకి పైగా ఆవిడకి తెలీదు.

మజూరీ, తరుగు పోతే నగ మంచి పెట్టుబడి కాదని ఎక్సెల్ షీటు వేసి అమ్మకి చూపించిన ఘనుణ్ణి నేను. "బిస్కెట్లు కొనుక్కోవచ్చుగా" అన్నాను కూడా. 1968 బంగారం నియంత్రణ చట్టం కింద మామూలు జనం బిస్కెట్లు, నాణేలు దాచుకోవడమే నేరమని అప్పుడు నాకు తెలీదు. నగలకి మాత్రమే అనుమతి. ఆ చట్టం 1990లోగానీ రద్దు కాలేదు. అన్నట్టు, ఈ దేశమూ తక్కువ తినలేదు. 1933 ఏప్రిల్‌లో రూజ్వెల్ట్ జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు ఔన్సు 20.67 డాలర్ల చొప్పున అప్పగించమన్నాడు. మరుసటి ఏడు ఆ ధరనే 35 డాలర్లు చేశారు. అప్పుడూ ఒంటిమీది నగ జోలికి రాలేదు. రెండుచోట్లా సర్కారు చెయ్యి గాజుల దగ్గరే ఆగిపోయింది మరి.

గాజులు విడిపించాం, ఇప్పుడు అమ్మ దగ్గరున్నాయి. మొన్న ఫోన్లో ఇదంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన కొడుకు ఇంకా బజార్లో కొట్టు నడుపుతున్నాడురా. మనం ఆ గుమ్మం తొక్కి పదిహేనేళ్ళు దాటింది" అంది.