మన తీరాన గాలి సుడులు

పెద్దలు పశువును కొనేటప్పుడు ముందు సుడులు చూసేవారు. అదృష్టవంతుణ్ణి చూస్తే "వాడికి సుడి ఉంది" అంటాం. పెన్నకు వరద వస్తే సుడిగుండాల వైపు పోవద్దని పిల్లల్ని కేకలేస్తాం. ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మిత్రులు అడిగినప్పుడు, విద్యుత్ శాఖలో లైన్ల మీద పనిచేసిన నాకు ఈ సుడి కథే రాయాలనిపించింది. గాలిలో పుట్టే సుడులతోనే మా ఉద్యోగమంతా గడిచింది గనుక.

రైలులో గూడూరు వైపు వెళ్తుంటే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. పెద్ద టవర్ల దగ్గర తీగలకు వేలాడే ఆ జంట ఇనుప గుండ్లు ఏమిటని. వాటిని డ్యాంపర్లు అంటారు. అవి రావడానికి చాలాకాలం పట్టింది.

1878లో స్ట్రౌహాల్ అనే చెక్ శాస్త్రజ్ఞుడు తీగలను గాలిలో గిరగిర తిప్పి, అవి చేసే రొదను పరీక్షించాడు. ఆ శ్రుతి తీగ బిగువును బట్టి మారలేదు. గాలి వేగం, తీగ మందం, ఈ రెండే దాన్ని నిర్ణయించాయి. వీణ వాయించేవారికి ఇది వింతగా తోచవచ్చు. తర్వాత 1911 ప్రాంతంలో జర్మనీలోని గోటింగెన్‌లో హీమెంజ్ అనే విద్యార్థి, పారే నీటిలో గుండ్రటి స్తంభాన్ని నిలిపి దాని చుట్టూ ఒత్తిడి కొలవబోయాడు. స్తంభాన్ని ఎంత నున్నగా చేసినా, తొట్టిని ఎంత సరిచేసినా నీళ్లు ఊగుతూనే ఉన్నాయి. అక్కడే ఉన్న థియడోర్ ఫాన్ కార్మాన్ లెక్కకట్టి, లోపం పనితనంలో లేదని, ప్రవాహ స్వభావమే అంతని చూపాడు. అడ్డం వచ్చిన వస్తువు వెనుక ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క సుడులు విడివడి బారులుగా సాగిపోతాయి.

మన తీగకూ అంతే. 132 కె.వి. లైన్లకు వాడే పాంథర్ తీగ మందం 21 మిల్లీమీటర్లు. సెకనుకు 3 మీటర్ల గాలి, అంటే సాయంత్రం హాయిగా వీచే సముద్రపు గాలి, తగిలితే తీగ సెకనుకు సుమారు 28 సార్లు కిందికీ మీదికీ కదలగలదు. గంటకు లక్ష సార్లు! కదలిక కంటికి ఆనదు. కాని క్లాంపు దగ్గర తీగ వంగి వంగి, అల్యూమినియం పోగులు ఒకటొకటిగా తెగిపోతాయి. పులికాటు నుంచి కావలి దాకా నీళ్లు, ఉప్పు కొఠారులు, వరిచేలు, గాలికి అడ్డులేదు. ఎగుడుదిగుడు నేల మీద గాలి చెదురుతుంది, ఇక్కడ ఒకే తీరున వీస్తుంది. తీగకు అదే చేటు. 1920లలో కాలిఫోర్నియాలోని విద్యుత్ సంస్థ ఇంజనీరు స్టాక్‌బ్రిడ్జి, చిన్న ఉక్కు తాడుకు రెండు చివరలా బరువులు కట్టి తీగకు బిగించాడు. తీగ వణికితే ఆ తాడు పేటలు ఒరుసుకుని వణుకును వేడిగా మార్చేస్తాయి. ఇంతకన్నా చవకైన మంచి పరికరం నేను మా శాఖలో చూడలేదు.

థర్మల్ కేంద్రాల్లో పనిచేసిన మిత్రులకు ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జి పేరు గుర్తుండవచ్చు. 1965 నవంబరు 1న అక్కడ ఎనిమిది కూలింగ్ టవర్లలో మూడు ఈదురుగాలికి కూలిపోయాయి. ముందు వరుస టవర్ల వెనుక గాలి చెదిరి సుడులు తిరిగింది. కూలినవన్నీ వెనుక వరుసవే.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, అలవాటు కొద్దీ నేను నెల్లూరు తీరమనే అంటాను. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. కార్మాన్ ఎదిగించిన కాల్‌టెక్ ప్రయోగశాల నుంచే ధావన్ 1951లో పిహెచ్.డి. పొందారు. ఆయన పక్షుల ఎగురుట మీద కూడా రాశారు. నేలపట్టు గూడబాతులు ఆకాశంలో ఏటవాలు బారుగా పోవడం చూశారు కదా! ముందు పక్షి రెక్క కొస నుంచి లేచే సుడి వెనుక పక్షిని కొంత మోస్తుంది.

ఇక పెద్ద సుడి. తుఫానుకు "సైక్లోన్" అనే పేరు పెట్టింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్, 1848లో. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. 1989 నవంబరులో మన మీదికి వచ్చిన "గే" తుఫాను థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌకను తలకిందులు చేసి 91 మందిని బలిగొని, బంగాళాఖాతం దాటి 8, 9 తేదీలలో కావలి దగ్గర తీరం చేరింది. మన అర్ధగోళంలో తుఫాను గడియారపు ముళ్లకు ఎదురు తిరుగుతుంది. అందుకే కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోస్తుంది. దక్షిణాన నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఉప్పెన భయం ఎక్కువగా ఉత్తరం వాళ్లకే.

లైన్లు నిలబెట్టడానికి వెళ్లినప్పుడు ఇది మాకు స్తంభాల మీదే కనిపించింది. కేంద్రం దాటిన చోటికి ఉత్తరాన ఉన్నవి చాలావరకు పడమటికి ఒరిగాయి, దక్షిణాన ఉన్నవి తూర్పుకు. "సార్, అటూ ఇటూ ఎందుకు పడ్డాయి?" అని ముందుగా అడిగింది మా గ్యాంగులో చదువు రాని ఒక కూలీ. నేను రికార్డు పుస్తకం వెనుక పేజీలో ఊరూరికీ బాణం గుర్తు పెట్టి అతనికి చూపించాను. కేంద్రం నడిచిన దారిలోని ఊళ్లకు బాణాలు రెండు వైపులా వేయవలసి వచ్చింది. మొదటి గాలికి నిలిచిన స్తంభాలు, నడుమ కాసేపు నిశ్శబ్దం తర్వాత, ఎదురు గాలికి పడ్డాయి. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి బయటికి వచ్చినవాళ్ల సంగతి అక్కడి వారు చెబుతుంటే, కూలీలు పలుగులు కింద పెట్టి విన్నారు.