గల్ఫు ప్రయాణాలు - పాత బాకీలు

1973లో చమురు ధరలు పెరిగిన పిదప మన హైదరాబాదు నుండి, కడప నుండి ఎందరో గల్ఫు దేశాలకు వెళ్లారు. వీసా ఖర్చుకు షావుకారుకు ప్రోనోటు వ్రాసి వెళ్లినవారు వారిలో ఎందరో!

తిరిగొచ్చాక, "మూడేళ్లు దాటితే నోటు చెల్లదులే" అనడం మేమూ విన్నాము. ఇది సగం నిజమే. 1963 నాటి కాలపరిమితి చట్టం దావాకు మూడేళ్ల గడువిచ్చింది. కాని అదే చట్టం 15వ సెక్షను ప్రకారం, బాకీదారు దేశంలో లేని కాలాన్ని లెక్కలో కలపరు. నోటు వ్రాసిన ఏడాదికి వెళ్లి పదేళ్లకు వచ్చినా, ఇంకా రెండేళ్లు మిగిలే ఉంటాయి. పిల్ల పెళ్లి కుదిరిన వేళ ఆ నోటు బయటికొస్తే గతేమిటి?

బ్యాంకు బాకీలదీ ఇదే దారి. 2000లో సిబిల్ ఏర్పడింది. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టం వచ్చింది. 2017 నుండి ఏటా ఒక నివేదిక ఉచితం. వచ్చినవెంటనే తెప్పించి చూసుకోవాలి. తగ్గించి కడితే 'సెటిల్డ్', పూర్తిగా తీర్చితే 'క్లోజ్డ్' అని పడుతుంది. రెండూ ఒకటి కావు.

అప్పు వ్రాసి పెట్టుకొమ్మని సూరె బఖరా 282వ ఆయతు ఆదేశం. తీర్చిన రోజున చెల్లు వ్రాయించుకొని నోటు వెనక్కి తీసుకోవడమూ మరువరాదని మా మనవి.