నర్సీపట్నం నుంచి కిటికీ దాకా

నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో బస్సు హారన్లు ఆగడం లేదు. మేడ మీద గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, నీ చొక్కా మాత్రం వీపుకి అంటుకుపోయింది. బల్ల మీద పాస్‌పోర్టు, బీటెక్ మార్కుల జాబితాలు, జీఆర్ఈ స్కోరు. పక్క కుర్చీలో నాన్న, ఆయన ఒళ్లో ఇంటి దస్తావేజుల సంచి.

కన్సల్టెన్సీ ఆయన లాప్‌టాప్ నీ వైపు తిప్పుతాడు. "తమ్ముడూ, ఈ కాలేజీ చూడు. డే వన్ సీపీటీ. దిగిన రోజు నుంచే పని చేసుకోవచ్చు. క్లాసులకి పెద్దగా వెళ్లక్కర్లేదు."

నువ్వు చదివింది సివిల్. రాత్రి ఫోన్లో మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నది కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో నీటి వనరుల ఇంజనీరింగు. ఈయన చూపిస్తున్నది డేటా సైన్సు. ఫీజు తక్కువ. తెరమీద బొమ్మ బాగుంది: పచ్చిక, ఇటుక భవనం, నవ్వుతున్న పిల్లలు.

ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వెబ్‌సైటు కూడా చక్కగానే ఉండేది. మిషిగన్‌లో ఆ కాలేజీని 2015లో పెట్టింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. వీసాలతో ఆటలాడేవాళ్లకి వల అది. ప్రభుత్వ జాబితాలో దాని పేరుండేది. లోపల మాస్టార్లు లేరు, పాఠాలూ లేవు. సుమారు 600 మంది చేరారు. 2019 జనవరి చివర్లో అరెస్టులు మొదలయ్యాయి. మొదటి విడతలో దొరికిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో ఎక్కువమంది మనవాళ్లే.

"క్లాసుల్లేని కాలేజీ ఏటి బాబూ?" నాన్న నీ చెవి దగ్గర అడుగుతాడు.

కన్సల్టెన్సీ ఆయన మాట మార్చేస్తాడు. "డబ్బు సంగతి చూద్దాం. పొలం ఎంతుంది?"

తాండవ కాలువ కింద రెండెకరాలు. కానీ విదేశీ చదువు అప్పుకి బ్యాంకులు మామూలుగా సాగుభూమిని తాకట్టు పట్టవు. పల్లెలో పుట్టినవాడికి ఇది మొదటి దెబ్బ. మిగిలింది ఊళ్లో ఇల్లు.

"ఇల్లెందుకండీ? ముప్పై లక్షలు మేమే మీ ఖాతాలో వేయిస్తాం. వీసా రాగానే తీసేసుకుంటాం. కమీషనిస్తే చాలు." కాగితం నీ ముందుకి జరుగుతుంది. పెన్ను కూడా.

సంతకం పెడితే ఇల్లు మిగులుతుంది. ఆ నిల్వ ఎక్కడిదని ఎవరైనా అడిగితే? 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి తిప్పి పంపేసిన విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగు పిల్లలు. అధికారులు ఫోన్లు తీసుకుని చాటింగులు చదివారు.

నాన్న సంచి ముడి బిగించి లేస్తాడు. "ఇల్లే పెడదాం. నువ్వు మాత్రం ఏటి రాస్తన్నావో తెలిసి రాయి."

పెన్ను బల్ల మీద పెట్టేస్తావు.

తర్వాతి నెలలన్నీ కాగితాలే. బ్యాంకు మంజూరు పత్రం చూపిస్తే కొలరాడో నుంచి ఐ-20 వస్తుంది, చేర్చుకుంటున్నామని కాలేజీ ఇచ్చే పత్రం. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. ఇన్‌స్టాగ్రామ్ అందరికీ కనపడేలా తెరిచిపెడతావు, 2025 జూన్ నుంచి అది తప్పదు. తునిలో హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతావు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో వేలిముద్రలు.

మర్నాడు పొద్దున్న నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్. ఫోను బయట కొట్లో అప్పజెప్పి లోపలికి వెళ్తావు. మొత్తం 54 కిటికీలు. నీకు ఒకటే కనిపిస్తోంది.

నీ ముందున్న అమ్మాయి గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతోంది. "యువర్ ప్రెస్టీజియస్ కంట్రీ..." వాట్సాప్ గ్రూపుల్లో అందరూ బట్టీ పట్టే జవాబే. పాస్‌పోర్టు వెనక్కి వస్తుంది. దాంతో ఒక కాగితం. 214(బి). తిరిగొస్తావని నమ్మించే బాధ్యత నీదేననే సెక్షను అది. నమ్మకపోతే అంతే.

నీ వంతు.

గొంతు ఎండిపోయింది. ఐ-20 అద్దం కింద నుంచి జరుపుతావు.

"ఈ కోర్సే ఎందుకు?"

బట్టీ జవాబు నాలుక చివర ఉంది. మింగేస్తావు.

"మా ఊరి దగ్గర తాండవ అని రిజర్వాయరుంది. చివరి పొలాలకి నీళ్లు అందవు. ఎందుకందవో నేర్చుకోవాలి."

కిటికీ వెనక అధికారి తల ఎత్తుతాడు. "డబ్బు?"

"బ్యాంకు అప్పు. ఇల్లు తాకట్టు."

"ఎవరి ఇల్లు?"

"మాదే."

టైపు చేస్తున్నాడు. ఆపాడు. మళ్లీ టైపు.

పాస్‌పోర్టు వెనక్కి రాలేదు. ఆయన పక్కనున్న ట్రేలో పడింది. "వీసా ఇస్తున్నాం."

కొట్లో ఫోను తీసుకుని ఇంటికి చేస్తావు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత, "మరి వడ్డీ ఎప్పట్నుంచంట?"

"మొదటి ఫీజు కట్టిన రోజునుంచే నాన్నా. వాయిదాలు చదువయ్యాక."