నిఘంటువు ఊళ్ళో ఒక బడి గొడవ

పిఠాపురం అనగానే సాహిత్యం చదివేవాళ్ళకి గుర్తొచ్చేది సూర్యరాయాంధ్ర నిఘంటువు. మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు డబ్బు పెట్టారు. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు ఏళ్ళ తరబడి శ్రమపడ్డారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. నాకు మాత్రం ఆ పుస్తకం చూసినప్పుడల్లా ఒక బడి గొడవే గుర్తొస్తుంది.

గ్రాంథిక, వ్యావహారిక వివాదం అంటే పండితులు శైలి గురించి కొట్టుకున్నారని అనుకుంటాం. అది నిజానికి తరగతి గదిలో పుట్టింది. విశాఖపట్నం వైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్‌కి ఒక సందేహం కలిగింది: వీళ్ళు మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో ఉన్నదొకటి, ఎందుకని? ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవాడు పర్లాకిమిడి మేష్టారు గిడుగు రామమూర్తి. అప్పటికే ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపిన మనిషి. తెలుగు పిల్లలకి తెలుగు పాఠం పరాయిగా ఉందని ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

పిల్లాడికి పాఠం అర్థమైందని తెలిసేది వాడు దాన్ని తన మాటల్లో చెప్పినప్పుడే. ఆ సొంత మాటలే తప్పులని కొట్టేస్తే, వాడికి అర్థం కాలేదో, అర్థమైంది గ్రాంథికంలో చెప్పలేకపోయాడో మేష్టారుకి ఎలా తెలుస్తుంది? తమాషా ఏమిటంటే, పద్యానికి అర్థం చెప్పేటప్పుడు పండితులూ వాడుక భాషలోనే చెప్పేవారు. పరీక్షలో పిల్లాడు అలా రాయకూడదు, అంతే.

స్కూల్ ఫైనల్లో వ్యావహారికంలో రాయొచ్చని కొంతకాలం అనుమతి దొరికింది. పరిషత్తు ఉద్యమించింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశాడు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇక్కడ రాజుగారిని విలన్ని చేయడం తేలికే, కానీ నాకు ఒప్పదు. కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి వెనక నిలబడి, దిక్కులేని పిల్లల్ని చదివించింది కూడా ఆయన డబ్బే. అయితే ఆ డబ్బుతోనే తయారైన నిఘంటువులోకి గ్రంథాల మాటలొచ్చాయిగానీ, పిఠాపురం సంతలో వినబడే మాటలకి చోటు దొరకలేదు.

ఆదివారాలు ఇక్కడ కొందరు పిల్లలతో కూర్చుంటాను. ఐదో తరగతి అమ్మాయి ఒకతె పాఠం గడగడా చదివేస్తుంది. ఏం జరిగిందమ్మా అంటే అదే వాక్యం మళ్ళీ చదువుతుంది. “మీ అమ్మకి ఎలా చెప్తావో అలా చెప్పు” అంటే మాత్రం కథంతా చెప్తుంది, పుస్తకంలో లేని తిట్టుతో సహా. ఇప్పుడు ఆమె చేతిలో ద్విభాషా పాఠ్యపుస్తకం ఉంది: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఆ తెలుగు పేజీకి కూడా నేను మళ్ళీ అర్థం చెప్పాల్సి వస్తోంది.

నిఘంటువు మొదటి సంపుటం వెలువడిన 1936లోనే పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. గిడుగు ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశాడు. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. వాదన మాత్రం ఆపలేదు.