జీపు మడ్‌గార్డు: రేకు నుంచి గొట్టం దాకా

ఫౌజులో పనిచేసినవాళ్ళకి జీపు మడ్‌గార్డు అంటే చక్రం మీద కప్పిన రేకు ఒక్కటే కాదు. మ్యాపు పరుచుకునే బల్ల అదే, మగ్గు పెట్టుకునే అరుగు అదే, ఇంజను మీదికి వంగిన మెకానిక్కు మోచెయ్యి ఆన్చుకునేదీ దాని మీదే. అమెరికన్లు దీన్నే ఫెండర్ అంటారు.

1940 సెప్టెంబరులో బాంటమ్ కంపెనీ అమెరికా సైన్యానికి అప్పగించిన తొలి నమూనాకి మడ్‌గార్డులు గుండ్రంగా ఉండేవి. 1941 నుంచి విల్లీస్, ఆపైన ఫోర్డు భారీగా తయారుచేసిన బండికి అవి బల్లపరుపు అయ్యాయి. యుద్ధం ముగిసేలోగా ఈ రెండు కంపెనీలూ ఆరు లక్షల పైచిలుకు జీపులు చేశాయి. అన్ని బళ్ళు చెయ్యాలంటే వంపులు తక్కువుండడమే మేలు. సొట్టపడితే బోల్టులు విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర అబ్దుల్ హమీద్ గారు ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నది గన్ను బిగించిన జీపు మీద నుంచే. ఆ రేకు తూటాని ఆపదు. బురదని ఆపడానికే పెట్టింది.

యుద్ధకాలపు టైరు 6.00-16, ఎత్తు సుమారు 28 అంగుళాలు. తరవాత అమెరికాలో రూబికాన్, మోయాబ్ బండరాళ్ళ దారుల్లో సరదాకి జీపులు నడిపేవాళ్ళు 35 అంగుళాల టైర్లు వేసుకున్నారు. అవి రేకుకి రాసుకుంటాయి. రేకు కోసేసి, దాని చోట వంచిన ఉక్కు గొట్టం పెట్టారు. అదే ట్యూబ్ ఫెండర్.

గొట్టం బలం సంగతి తేలికే. గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలు, వంగకుండా నిలిచే బిగువు దాదాపు ఎనిమిదింతలు. 3 మి.మీ. గోడతో ఒకటిముప్పావు అంగుళం గొట్టమైతే రాయికి తగిలినా అంత సులువుగా లొంగదు.

అసలు చిక్కు బిగింపులో ఉంది. రేకు నలిగితే దెబ్బని అదే మింగేస్తుంది. గొట్టం నలగదు కాబట్టి దెబ్బ బోల్టుల దగ్గరికి పోతుంది. సి.జె.-7 వంటి బళ్ళలో రేడియేటరు ఉండేది గ్రిల్లు మీదే. గొట్టాన్నీ ఆ గ్రిల్లుకే బిగిస్తే, ఒక్క గట్టి దెబ్బకి రేడియేటరు ఫ్యాను మీదికి జరగొచ్చు. బాడీ పలచటి రేకు కాబట్టి బోల్టు వెనక చిన్న వాషరు చాలదు, అరచేతంత ప్లేటు వెయ్యాలి. పోనీ ఛాసిస్‌కీ బాడీకీ రెంటికీ కలిపి వెల్డు చేద్దామా అంటే, అది మరీ తప్పు. బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది. ఆ రెంటి మధ్యా నలిగి వెల్డింగు పక్కన పగులు పుడుతుంది. పైన పెయింటు ఉంటే ఆ పగులు కనపడదు కూడా. ఏదో ఒకదానికే బిగించి, రెండోదానికి వేలెడు సందు వదలడం మంచిది.

మన దేశంలో ఇంకో మాట కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిచ్చిన బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వేలంలో పాత ఫౌజీ జీపో, జబల్‌పూర్ జోంగానో కొనుక్కున్న మనవాళ్ళు రేకుకి రంపం పెట్టేముందు ఆర్.టి.ఓ. ఆఫీసుకి ఒకసారి వెళ్ళి రావాలి.